బదులు పోయిన సెమిస్టరు



2017 సెప్టెంబరు 26 రాత్రి. సద్దుల బతుకమ్మకు ఇంకా రెండు రోజులే ఉంది. శంషాబాద్ విమానాశ్రయంలో, లోపలికి వెళ్లే గేటు ముందు, మా బాపు నా టికెట్ కాగితాలు అడిగి తీసుకున్నాడు. ఆర్టీసీలో ఇరవై ఆరేళ్లుగా కండక్టరు ఆయన. టికెట్ అన్నది చేతికొస్తే తేదీ, ఎక్కడినుంచి ఎక్కడికి అన్నది చూడకుండా తిరిగివ్వడు. మొదటి పేజీ చూశాడు. హైదరాబాద్ నుంచి దుబాయ్, దుబాయ్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్. పేజీ తిప్పాడు. ఫిబ్రవరి నెలాఖరులో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మళ్లీ హైదరాబాద్. "రానుపోను తీసిండ్రు" అన్నాడు అమ్మతో. అమ్మ అప్పటిదాకా గట్టిగా పట్టుకుని ఉన్న నా చెయ్యి అప్పుడు వదిలింది.

ఆ గేటు దగ్గర ఆ రాత్రి చదువుకోసం వెళ్తున్న పిల్లలు చాలామందే ఉన్నారు. ఒక్కొక్కరి చుట్టూ పదిమంది చుట్టాలు, మెడలో దండలు, ఫొటోలు. వాళ్లలో చాలామంది టికెట్లకు రెండో పేజీ లేదు. ముందు డిగ్రీ, తర్వాత ఉద్యోగం, ఎప్పుడొస్తారో వాళ్లకే తెలియదు. నా ప్రయాణం అలాంటిది కాదు. హైదరాబాద్‌లో భాషాశాస్త్రం ఎమ్మే రెండో సంవత్సరం చదువుతూ, ఒక్క సెమిస్టరు కోసం జర్మనీలోని ట్యుబింగెన్ విశ్వవిద్యాలయానికి వెళ్తున్నాను. ఫీజు ఇక్కడే కట్టాను. నా పేరు ఇక్కడి రిజిస్టరులోనే ఉంది. డిగ్రీ కూడా ఇక్కడిదే. దీన్నే స్టూడెంట్ ఎక్స్‌చేంజ్ అంటారు. ఈ ఏడాది మా కాలేజీ నుంచి పీజీకి వెళ్లిన ఇద్దరు పిల్లలు అలాంటి ప్రయాణానికే సిద్ధమవుతున్నారు. వాళ్ల ఇళ్లలో ఇప్పుడు నడుస్తున్న మాటలు నాకు తెలుసు. అందుకే ఈ ప్రసంగం.

మా ఇంట్లో నడిచిన మాట ఇది. సెలెక్షన్ అయిందని నేను సంతోషంగా చెబితే బాపు చాలాసేపు ఆలోచించి అడిగాడు: "డిగ్రీ ఈడిదేనాయె. నౌకరీ గూడ ఆడ ఇయ్యరాయె. మరి గంత దూరం ఎందుకు బిడ్డా?" నేను ఏదో చెప్పాను. పెద్ద లైబ్రరీ అన్నాను, గొప్ప ప్రొఫెసర్లన్నాను. నా జవాబు నాకే ఆనలేదు. సరిగ్గా చెప్పింది మా అమ్మ. నాలుగు రోజుల తర్వాత పక్కింటి పెద్దమ్మ అదే మాట అడిగితే అమ్మ అంది: "గదేం లేదక్కా. నాట్లకు బదులు పోయినట్టే."

పల్లె తెలిసినవాళ్లకు ఈ మాట వివరించక్కర్లేదు. వరినాట్ల కాలంలో కూలీలు దొరకరు. ఈరోజు మీ పొలంలోకి మేం వస్తాం, రేపు మా పొలంలోకి మీరు రావాలి. డబ్బు చేతులు మారదు, పని మారుతుంది. దాన్ని బదులు అంటారు. అమ్మ వంగిన నడుముతో సగం జీవితం నేర్చుకున్న లెక్క అది. ఎక్స్‌చేంజ్ ఒప్పందం కూడా సరిగ్గా అంతే. రెండు విశ్వవిద్యాలయాలు మాట్లాడుకుంటాయి. మా పిల్లలు మీ దగ్గర కూర్చుంటారు, మీ పిల్లలు మా దగ్గర కూర్చుంటారు, ఎవరి ఫీజు వాళ్ల సొంతచోటే కడతారు. నేను వెళ్లిన ఆ శీతాకాల సెమిస్టరు నుంచే బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థుల మీద సెమిస్టరుకు 1,500 యూరోల ఫీజు పెట్టింది. ఎక్స్‌చేంజ్‌లో వచ్చినవాళ్లకు అది లేదు. ఎందుకు లేదంటే, మేం బదులుకు వచ్చినవాళ్లం.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. జర్మనీలో బతకడానికి డబ్బుందని చూపించాలి. అప్పట్లో నెలకు 720 యూరోలు. 2024 సెప్టెంబరు నుంచి అది 992, ఏడాదికి 11,904. స్టైపెండ్ వస్తే ఆ ఉత్తరమే చూపించవచ్చు. నాకు ఆ రాష్ట్ర ఫౌండేషన్ ఇచ్చే స్టైపెండ్ దొరికింది, లేకపోతే ఈ కథే లేదు. ఇంకో కాగితం ఉంది, లెర్నింగ్ అగ్రిమెంట్ అంటారు. అక్కడ ఏ సబ్జెక్టులు చదువుతాను, వాటిని ఇక్కడ దేనికింద లెక్కవేస్తారు అన్నది రాసి, విద్యార్థి, రెండు విశ్వవిద్యాలయాలు సంతకం పెట్టే కాగితం. పాస్‌పోర్టు తర్వాత అంత జాగ్రత్తగా దాచుకోవలసింది అదే. ఎందుకో తర్వాత చెబుతాను.

సూట్‌కేసుకు ముప్పై కిలోలు. ఇంట్లో స్నానాలగదిలో వాడే తూకం మీద మూడుసార్లు ఎక్కించాం. ముందు నెయ్యి డబ్బా దిగింది, తర్వాత పాలకోవా దిగింది. యూరప్‌లోకి బయటి దేశాలనుంచి పాల పదార్థాలు, మాంసం తీసుకెళ్లనివ్వరు. అమ్మకు ఆ రూలు అర్థం కాలేదు. "నెయ్యి ఏం జేసింది వాళ్లను?" అని బాధపడింది. ఆ ఖాళీలో పల్లిసత్తు, నువ్వులసత్తు రెండు కవర్లు కుక్కింది. పసుపు పొట్లం ఒకటి ఏ చీరమడతలో పెట్టిందో నాకు తెలియదు.

ఇలా కొంతకాలం చదువుకుని తిరిగొచ్చే ప్రయాణాలు కొత్తవేమీ కాదు. 1923 జూలై 7న అమెరికాలోని డెలవేర్ విశ్వవిద్యాలయం విద్యార్థులు ఎనిమిదిమంది రోషాంబో అనే ఓడెక్కి ఫ్రాన్స్‌కు బయల్దేరారు. అమెరికా కాలేజీల్లో మూడో సంవత్సరం విదేశంలో చదివే పద్ధతికి అదే ఆరంభం అంటారు. వాళ్లను తీసుకెళ్లిన రేమండ్ కిర్క్‌బ్రైడ్ అనే అధ్యాపకుడు మొదటి ప్రపంచయుద్ధంలో పనిచేసి వచ్చినవాడు. ఆ ఎనిమిదిమందిని తలుచుకుంటే నాకు ఓడమీద అసూయ కలుగుతుంది. వాళ్లకు సముద్రం మీద కొన్ని రోజులు దొరికాయి. వెనక ఇల్లు నెమ్మదిగా దూరమవుతుంది, ముందు ఊరు నెమ్మదిగా దగ్గరవుతుంది, ఈ మధ్యలో మనసు సర్దుకుంటుంది. విమానం ఆ మధ్యకాలాన్ని మింగేస్తుంది. అమ్మ చేతి తడి ఆరకముందే దుబాయ్. మర్నాడు మధ్యాహ్నం ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక అధికారి అద్దం వెనకనుంచి నా అడ్మిషన్ ఉత్తరం చదివి, "ఎన్నాళ్లు?" అని అడిగాడు. "ఒక సెమిస్టరు" అన్నాను. "తర్వాత?" "తిరిగి ఇంటికి." ముద్ర వేశాడు. బాపు చూసిన రెండో పేజీయే అక్కడ కూడా పనిచేసింది.

ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలోనే రైల్వేస్టేషన్ ఉంటుంది. అక్కడినుంచి స్టుట్‌గార్ట్ గంటా పావు. స్టుట్‌గార్ట్ స్టేషన్ అప్పటికి కొన్నేళ్లుగా తవ్వకాల్లో ఉంది, ప్లాట్‌ఫారాలను స్టేషన్ భవనానికి దూరంగా జరిపారు. ఆ పొడవాటి దారిలో ముప్పై కిలోలు లాక్కుంటూ నడుస్తుంటే, నేను బయల్దేరి పద్దెనిమిది గంటలైందని, ఈ పద్దెనిమిది గంటల్లో తెలుగుమాట ఒక్కటి కూడా నోటినుంచి రాలేదని తట్టింది. ట్యుబింగెన్ వెళ్లే చిన్నరైల్లో కిటికీ పక్కన కూర్చున్నాను. దారి చాలావరకు నెకార్ నది వెంబడే సాగుతుంది. రైలుకట్ట పొడుగునా పసుప్పచ్చని పువ్వు, గుత్తులు గుత్తులుగా, మనిషి నడుమెత్తున. ఒక్క క్షణం తంగేడు అనుకున్నాను. కాదని తెలుసు. కానీ ఆ రోజుల్లో మా హనుమకొండ చుట్టుపక్కల గుట్టల మీద అదే రంగు ఉంటుంది, సంచులు పట్టుకుని పిల్లలు వాటిమీద పడి ఉంటారు. దూరదేశంలో నన్ను ముందుగా పలకరించింది ఆ రంగు.

హాస్టల్లో నాకిచ్చిన గది ఉన్నచోట నలుగురికీ కలిపి ఒక వంటగది. ఒక జర్మన్ అమ్మాయి, ఒక కొరియా అమ్మాయి, ఒక స్పెయిన్ అబ్బాయి, నేను. మర్నాడు సద్దుల బతుకమ్మ. పొద్దున్నే ఫోన్ చేసినా అమ్మ పండగ మాట ఎత్తలేదు, నేనూ అనలేదు, ఇద్దరికీ ఆ మాట గొంతులో ఉంది. అక్కడికీ ఇక్కడికీ అప్పుడు మూడున్నర గంటల తేడా. మధ్యాహ్నానికి ఇక ఉండలేక ఆ జర్మన్ అమ్మాయిని అడిగాను, రైలుకట్ట మీది ఆ పువ్వు కోస్తే ఎవరైనా ఏమైనా అంటారా అని. "కోసుకో. అదసలు మా పువ్వు కాదు. ఉత్తర అమెరికానుంచి తోటలకోసం తెచ్చారు, ఇప్పుడు దేశమంతా పాకింది, తీసేస్తే సంతోషిస్తారు" అంది. గోల్డెన్‌రాడ్ అంటారు దాన్ని ఇంగ్లిషులో. అది కూడా సముద్రం దాటి వచ్చిందే.

బతుకమ్మ పేర్చడం చూసినవాళ్లకు తెలుస్తుంది, తంగేడు కాడ నిలబడినట్టు ఇది నిలబడదు. ఈకలా వాలిపోతుంది. గుప్పెడు గుప్పెడు తీసుకుని దారంతో కట్టాను. గునుగు లేదు, దాని బదులు సంతలో కొన్న తెల్ల చేమంతులు. బంతిపూలు మాత్రం అచ్చం మనవే దొరికాయి, ఒక కుండీలో. తాంబాళం లేదు, కేకు చేసే గుండ్రటి రేకు పళ్లెం స్పెయిన్ అబ్బాయి తెచ్చిచ్చాడు. అడుగున వెడల్పు వరస, దానిమీద కొంచెం చిన్నది, దానిమీద ఇంకొంచెం చిన్నది. ఎనిమిది వరసలు వచ్చాయి. పసుపు ముద్దచేసి గౌరమ్మను పైన పెట్టాను. చీరమడతలో అమ్మ పసుపు ఎందుకు పెట్టిందో అప్పుడు తెలిసింది.

వంటగది బల్ల పక్కకు జరిపాం. నేను పాడుతూ చప్పట్లు కొట్టి అడుగు వేస్తే ముగ్గురూ వెనకే వేశారు. మూడు చుట్లకల్లా వాళ్ల అడుగు కుదిరింది. చీకటి పడేవేళ నెకార్ గట్టుకు నడిచాం. అక్కడ ఏడున్నర, ఇంటి దగ్గర పదకొండు. ఫోన్‌లో అమ్మ నిద్ర ఆపుకుని చూస్తోంది, వెనక బాపు తల. పూలు నీళ్లమీద పెట్టి వదిలాక సత్తు అందరికీ పంచాను. కొరియా అమ్మాయి రెండోసారి అడిగి పెట్టించుకుంది, వాళ్ల దేశంలో కూడా వేయించిన ధాన్యంతో ఇలాంటి పొడి చేస్తారట.

అప్పుడు ఆ జర్మన్ అమ్మాయి అడిగింది: "నువ్వు పాడినదాంట్లో ఏముంది? వరసగా చెప్పు."

నేను ఊహ తెలిసినప్పటినుంచి పాడుతున్న పాట అది. కథ చెప్పాను. కానీ ఆమె వరసగా చెప్పమంది. రెండో చరణంలోనే ఆగిపోయాను. ఒక మాటకు అర్థం తెలియదు. ఇంకో మాట మనిషి పేరో ఊరిపేరో తెలియదు. భాషాశాస్త్రం చదువుతున్నదాన్ని, నా నోట్లో పెరిగిన పాట నాకే సగం తెలియదు. మర్నాడు అమ్మకు ఫోన్ చేసి చరణం చరణం అడిగి రాసుకున్నాను. అమ్మకు తెలియనివి అమ్మమ్మను అడిగి చెప్పింది. ఇంట్లో ఉంటే ఆ పాట గురించి నన్ను ఎవరూ అడిగేవాళ్లు కాదు, నేనూ ఎవరినీ అడిగేదాన్ని కాదు. బాపు ప్రశ్నకు జవాబు నాకు మొదట దొరికింది అక్కడే, ఆ నది గట్టుమీద, నోరు పెగలక నిలబడినప్పుడు.

తరగతులు అక్టోబరు మధ్యలో మొదలయ్యాయి. టైంటేబుల్లో పది గంటలని ఉంటే పదింటికల్లా వెళ్లి కూర్చున్నాను. గదిలో ఎవరూ లేరు. తప్పుగది అనుకుని మెట్లన్నీ దిగి ఎక్కాను. గంట పక్కన రెండు చిన్న అక్షరాలుంటే అది పావుగంట తర్వాత మొదలవుతుందని అర్థమట, పాతకాలపు లాటిన్ పద్ధతి. పాఠం అయిపోగానే అందరూ వేళ్ల కణుపులతో బల్లమీద టకటకా కొట్టారు. నేను ఉలిక్కిపడ్డాను. అది వాళ్ల చప్పట్లు.

ట్యుబింగెన్ విశ్వవిద్యాలయం 1477లో పుట్టింది. ఖగోళశాస్త్రజ్ఞుడు కెప్లర్ చదివింది అక్కడే. కొండమీది కోటలోని ప్రయోగశాలలో 1869లో ఫ్రీడ్రిష్ మీషర్ మొదటిసారి న్యూక్లిక్ ఆమ్లాన్ని వేరుచేశాడు, ఈరోజు మనం డీఎన్‌ఏ అంటున్న కథ అక్కడ మొదలైంది. ఇవన్నీ గొప్పవే. నన్ను పట్టి ఆపింది మాత్రం ఇంకొకటి. ఆ ఊళ్లో మలయాళం నేర్పుతారు. హెర్మన్ గుండెర్ట్ అనే ఆయన అక్కడ డాక్టరేట్ చేసి, 1836లో ఇండియాకు ఓడెక్కాడు. కొంతకాలం మన చిత్తూరులో ఉన్నాడు. తర్వాత మలబారు వెళ్లి రెండు దశాబ్దాలకు దగ్గరగా అక్కడ గడిపి, తిరిగి వెళ్లాక 1872లో మలయాళం–ఇంగ్లిషు నిఘంటువు తెచ్చాడు. రచయిత హెర్మన్ హెస్సేకు తాతగారు ఈయన. ఆయన పోగుచేసిన తాళపత్రాలు, రాతప్రతులు ఆ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్నాయి. ఆయన పేరున 2015లో మలయాళ పీఠం పెట్టారు. ఆ సంగతి తెలిసిన రోజు సంతోషం, దిగులు రెండూ ఒకేసారి కలిగాయి. అంత దూరంలో మన పక్కింటి భాషకు ఒక గది, ఒక కుర్చీ ఉన్నాయి. ఆ ఊళ్లో తెలుగుకు ఆ ఏడాది ఉన్నది నేను, నా సూట్‌కేసు.

కాబట్టి సెమినార్‌లో నా వంతు వచ్చినప్పుడు తెలుగే చెప్పాను. జర్మన్‌లో 'వియ' అంటే మనం, మేము రెండూ. వినేవాళ్లను కలుపుకున్నామో, బయట నిలబెట్టామో ఆ మాట చెప్పదు. తెలుగు చెబుతుంది. బల్లమీద రెండు టీకప్పులు, ఒక చెంచా పెట్టి చూపించాను. చెంచాను కప్పులతో కలిపి జరిపితే మనం, చెంచాను విడిచి కప్పులను మాత్రమే జరిపితే మేము. గది కొంచెంసేపు నిశ్శబ్దమైంది, తర్వాత బల్లల మీద టకటక. ఈసారి నేను ఉలిక్కిపడలేదు. ఆ సాయంత్రం మా వంటగది తలుపు మీద ఎవరో కాగితం అంటించారు. దానిమీద తప్పుల తెలుగులిపిలో రెండు అక్షరాలు, ఒక సున్నా: మనం.

అక్కడ తమ ఊరిపిల్లలతోనే ముడుచుకుపోయి ఆరునెలలు గడిపినవాళ్లను కూడా చూశాను. వాళ్ల తప్పని అనను. చలి, చీకటి, భాష రాకపోవడం, సాయంత్రం నాలుగున్నరకే పొద్దుగూకడం. నేనూ నవంబరులో మూడు ఆదివారాలు గదినుంచి కదల్లేదు. కానీ బదులుకు పోయినవాళ్లు గట్టుమీద కూర్చుంటే నాట్లు పడవు కదా. బయల్దేరబోతున్న పిల్లలకు నా గట్టి మాట ఒకటే: వంటగదిలో కూర్చోండి, గదిలో కాదు.

ఇక తిరిగొచ్చాక జరిగిన సంగతి. మార్కుల కాగితంలో నాకు 1.3 ఒకటి, 1.7 ఒకటి ఉన్నాయి. జర్మనీలో 1.0 అంటే అత్యుత్తమం, 4.0 దాకా పాస్, 5.0 ఫెయిలు. ఇక్కడ మా విశ్వవిద్యాలయంలో పదికి లెక్క. కౌంటర్ అవతలి ఆయన నా కాగితం చూసి, "పదికి ఒకటా? అంత దూరం పోయి ఇదా తెచ్చింది?" అన్నారు. వివరించాను. ఒక సెక్షన్ నుంచి ఇంకో సెక్షన్‌కు, అక్కడినుంచి మొదటి సెక్షన్‌కు. నాలుగు నెలలు. చివరికి నన్ను ఒడ్డున పడేసింది సంతకాలున్న ఆ లెర్నింగ్ అగ్రిమెంటే. అందుకే ముందు చెప్పాను, పాస్‌పోర్టు పక్కన పెట్టుకోమని.

ఆ నాలుగు నెలల్లోనే సోఫియా కొర్రాడి గురించి చదివాను. ఇటలీ అమ్మాయి. న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం మాస్టర్స్ చేసి 1958లో రోమ్‌కు తిరిగొచ్చి, ఆ చదువును లెక్కలోకి తీసుకోమని తన విశ్వవిద్యాలయాన్ని అడిగింది. నలుగురి ముందు అవమానించి పంపారు, అమెరికాలో షికారు చేసి వచ్చావన్నట్టుగా. ఆ అవమానాన్ని ఆమె మరచిపోలేదు. దాదాపు ముప్పై ఏళ్లు పట్టుబట్టి రాసింది, తిరిగింది, అడిగింది. 1987లో యూరప్ దేశాలు ఎరాస్మస్ పథకం మొదలుపెట్టాయి. మొదటి ఏడాది 11 దేశాలనుంచి 3,244 మంది విద్యార్థులు వెళ్లారు. ఇప్పుడు ఆ లెక్క లక్షల్లో ఉంది. పక్కదేశంలో చదివిన చదువు ఇంటి దగ్గర చెల్లాలన్నది దాని ప్రాణం. సెమిస్టరుకు 30 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల పని అని లెక్క కట్టుకున్నారు. ఆ లెక్క చూస్తే నాకు కౌంటర్ ముందు నిలబడ్డ ఒక ఆడపిల్ల కనిపిస్తుంది. మన విశ్వవిద్యాలయాల్లో ఈ పని చూసే అధికారులెవరైనా ఈ ప్రసంగం వింటుంటే, దయచేసి బయటి మార్కులను మన లెక్కలోకి మార్చే పట్టిక ఒకటి కౌంటర్ దగ్గర అంటించండి. పిల్లలు వెళ్లడానికి పడే కష్టం చాలు, వచ్చినందుకు పడక్కర్లేదు.

2018లో బదులు తీరింది. ఆ జర్మన్ అమ్మాయి హైదరాబాద్‌కు ఒక సెమిస్టరు చదవడానికి వచ్చింది. అక్టోబరు 17న సద్దుల బతుకమ్మ. ముందురోజే హనుమకొండకు తీసుకొచ్చాను. బస్సు దిగి ఆటోలో వస్తుంటే రోడ్డు పక్కన తంగేడు కనిపించింది. ఆటో ఆపమంది. దిగి ఒక కొమ్మ పట్టుకుని, కాడ వంచి చూసి, "ఇది నిలబడుతుంది" అంది నాతో.

ఇంట్లో సంచి విప్పి అమ్మకు ఒక పొట్లం ఇచ్చింది. స్వేబియన్ ఆల్బ్ కొండల మీద పండే చిన్న పప్పు. ఆ రకం గింజ వాళ్ల ప్రాంతంలో పూర్తిగా పోయిందట, 2006లో రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని విత్తనాల బ్యాంకులో దొరికితే తెచ్చి మళ్లీ వేసుకున్నారు. వాళ్లు దాన్ని వెనిగర్ పోసి పుల్లగా వండుకుని సేమ్యాలాంటిదానితో తింటారు. "మేము తింటాం" అంది తెలుగులో, పొట్లం చూపిస్తూ. మేము అనే అంది. అమ్మ గింజలు అరచేతిలో పోసుకుని వేలితో కదిపి చూసింది. "చింతపండు ఏస్త" అంది.

బాపు అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు. కాళ్లు కడుక్కుని కూర్చుని, ఆ అమ్మాయి టికెట్ ఏదని నన్ను అడిగాడు. బస్సు టికెట్ అనుకుని ఇవ్వబోతే కాదన్నాడు. ఆమె ఫైలులోంచి విమానం కాగితాలు తీసి ఇచ్చింది. మొదటి పేజీ చూశాడు. పేజీ తిప్పాడు. డిసెంబరు తేదీ, హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్. కాగితాలు జాగ్రత్తగా మడిచి ఆమె చేతికే తిరిగిచ్చాడు. వంటింట్లో అమ్మ అప్పటికే పప్పు నానబోసింది.